మా గేటును మూసిన తెల్ల కారుగారికి

మహారాజశ్రీ తెల్ల కారుగారి దివ్య చక్రాలకు,

హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ వెనుక గల్లీలో కాపురముంటున్న కుటుంబం నమస్కరించి వ్రాయునది. శనివారం సాయంత్రం తమరు మా గేటుకు బంపరు ఆనించి, అద్దాలు పైకెత్తుకుని, గేరులో విశ్రమించారు. కంటి ఆపరేషను చేయించుకున్న మా అమ్మను డాక్టరుగారు ఏడు గంటలకు రమ్మన్నారు. స్కూటరు గేటు లోపల, మేము దాని పక్కన, తమరు బయట. మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు లేకపోలేదు గాని, కంటికి కట్టుతో ఉన్న పెద్దావిడను మురుగు కాలువ మీది ఊగే పలక అంచున నడిపించే ధైర్యం మాకు చాలలేదు. సీతాఫలం ఐస్‌క్రీము డబ్బా చేత పట్టుకుని తమరి యజమాని తీరిగ్గా విచ్చేసి, "ఐదు నిమిషాలే కదండీ" అని సెలవిచ్చేసరికి డాక్టరుగారు ఇంటికి వెళ్లిపోయారు.

ఆ ఐస్‌క్రీము మీద మాకు కోపం లేదు. దాని కోసం ఊరంతా వస్తుంది, రావలసిందే. అత్తరు కోసం వచ్చేవారు, డ్రైఫ్రూట్స్ కోసం వచ్చేవారు, పెళ్లికి ముందే గడియారం బురుజు కింద ఫోటోలు దిగి మమ్మల్ని "కొంచెం ఫ్రేములోంచి తప్పుకోండి" అనేవారు, అందరూ మా అతిథులే. జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషను వస్తే నెలన్నర పాటు ఇల్లు చేరడమే ఒక యాత్ర. గణేశ్ నిమజ్జనం నాడు పాలు, కూరలు ముందే తెచ్చి పెట్టుకుంటాం. ఎంత పెద్ద విగ్రహమైనా తెల్లవారాక ముందుకు కదిలిపోతుంది. తమరు మాత్రం కదలరు.

ఇక్కడ పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో గల్లీ నిండా లారీలు ఉండేవి. 1980లలో అది కొత్తపేటకు తరలిపోయినప్పుడు మా నాన్న ఊపిరి పీల్చుకున్నారట. ఆయన తొందరపడ్డారు. లారీ డ్రైవరు బండిలోనే పడుకునేవాడు. తలుపు తడితే ఆవలిస్తూ లేచి తీసేవాడు. తమరిని తడితే అలారం కూస్తుంది, ఇరుగుపొరుగు లేచి మమ్మల్నే దొంగల్ని చూసినట్టు చూస్తారు.

1935లో కట్టిన ఈ మార్కెట్‌కు పేరిచ్చిన మొజం జా, ఏడవ నిజాం రెండో కుమారుడు, నగరాభివృద్ధి బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేశారని తమరికి మనవి చేస్తున్నాను. 1908 మూసీ వరద తరువాత, ప్లేగు తరువాత, ఇరుకు బస్తీలకు గాలీ వెలుతురూ ఇవ్వడానికి ఏర్పడిన బోర్డు అది. ఆ బోర్డు ఊరికి సంపాదించి పెట్టిన వెడల్పును పోగొట్టడానికి ఇప్పుడు వరదా అక్కరలేదు, ప్లేగూ అక్కరలేదు. శనివారం వస్తే చాలు.

2020లో మరమ్మతులు ముగిసి, బోర్డులూ తీగలూ తొలగి, గ్రానైటు గోడలు మళ్లీ బయటపడినప్పుడు అందరికంటే మురిసిపోయింది మేమే. రాత్రి దీపాలు వెలిగాక మేడ మీద నిలబడి ఇప్పటికీ చూస్తాం. మార్కెట్ ముంగిట బండ్లు తగ్గాయని పేపర్లు మెచ్చుకున్నాయి. తగ్గినవి ఎక్కడికి పోయాయని ఒక్కరూ అడగలేదు. ఎక్కడికి పోతాయి? మా గల్లీకే వచ్చాయి!

ఇంతవరకు తమరు, తమరు అని వ్రాసుకుంటూ వచ్చాను. ఇక నా వల్ల కాదు. గేటు మీద "ఇక్కడ బండి నిలపరాదు" అని ఎర్ర రంగుతో వ్రాయించాం; ఆ అక్షరాలను సగం కప్పి మరీ నిలబడ్డావు. అద్దం వెనుక ఒక ఫోన్ నంబరైనా పెట్టలేదు. డాష్‌బోర్డు మీద బుల్లి వినాయకుడు ఉన్నాడు, నిమ్మకాయ ఉంది, పెట్రోలు బంకు బిల్లు ఉంది, నంబరు లేదు. నీకు దిష్టి తగలకూడదు, మా అమ్మ కన్ను ఏమైనా ఫరవాలేదు!

గాంధీభవన్ మెట్రో స్టేషన్ ఇక్కడికి నడిచి వచ్చేంత దగ్గర. 2018 సెప్టెంబరు నుంచి రైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. వచ్చే శనివారం నీ యజమానిని అందులో పంపు, వచ్చి కడుపారా తిని వెళ్లనీ. నువ్వు మాత్రం ఇంటి దగ్గరే ఉండు. ఆయన గేటుకు అడ్డంగా.

ఇట్లు,
లోపల ఉండిపోయినవారు