నల్లరంగు ఉంటే చాలు, రహస్య దళం బ్యాడ్జీ అయిపోదు

పాత సైనిక వస్తువులు సేకరించేవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ హోంగార్డులకు సొంత టోపీ బ్యాడ్జీ ఉండేదట. దాని మీద నల్లరంగో గోధుమరంగో ఉంటే, జర్మన్లు దిగాక విధ్వంసం చేయడానికి దాచి ఉంచిన రహస్య దళానిదట. రంగు వేయమని పైనుంచి అందరికీ ఆదేశం వచ్చిందట. అందుకే అంత ధరట. వీటిలో ఒక్కటీ నిలబడదు.

హోంగార్డు అంటే మనకు ట్రాఫిక్‌లో, బందోబస్తులో పోలీసులకు సాయంగా నిలబడే మనిషి గుర్తొస్తాడు. బ్రిటన్ సంగతి వేరు. 1940 మే 14న యుద్ధ మంత్రి ఆంథోనీ ఈడెన్ రేడియోలో పిలుపిస్తే పేర్లు రాయించుకున్న మామూలు జనం వీళ్లు. పగలు ఉద్యోగం, రాత్రి కాపలా. మొదట్లో యూనిఫాం కూడా లేదు, చేతికి పట్టీ ఒక్కటే. ఆ ఆగస్టులో వీళ్ల బెటాలియన్లను కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేరు మీదున్న సైనిక రెజిమెంట్లకు జతచేసి, ఆ రెజిమెంట్ల బ్యాడ్జీలే పెట్టుకోనిచ్చారు. ఒక్క కెంట్ కౌంటీలోనే కొందరి టోపీ మీద రాయల్ వెస్ట్ కెంట్ గుర్రం, కొందరి టోపీ మీద బఫ్స్ రెజిమెంట్ డ్రాగన్. సైనికుడిదీ అదే బ్యాడ్జీ, కాపలా కాసే బడిపంతులుదీ అదే. ఇక బ్యాడ్జీ ఒక్కటే చూసి ఇది హోంగార్డుదని ఎలా తేలుస్తారు?

రహస్య దళం నిజంగానే ఉంది. పేరు ఆక్సిలరీ యూనిట్స్. 1940 వేసవిలో సైనికాధికారి కొలిన్ గబ్బిన్స్ నిలబెట్టాడు. అడవుల్లో, పొలాల్లో నేల కింద స్థావరాలు తవ్వుకున్నారు. కాగితాల మీద మాత్రం 201, 202, 203 నంబర్ల హోంగార్డు బెటాలియన్లు. ఊళ్లోవాళ్లకు మామూలు హోంగార్డుల్లా కనబడటమే వాళ్లకు రక్షణ. అలాంటివాడు నేనే ఆ మనిషినని చెప్పే గుర్తు నెత్తిన పెట్టుకుని తిరుగుతాడా? వాళ్లకంటూ ఒక బ్యాడ్జీ వచ్చింది కానీ అది పని ముగిశాక. కోటుకు పెట్టుకునే ఎరుపు, నీలం రంగుల చిన్న డాలు, దాని మీద ఆ మూడు నంబర్లు. టోపీకి సంబంధమే లేదు.

నలుపు అంటే యుద్ధకాలపు పెయింటే అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. రైఫిల్ రెజిమెంట్లకు నల్ల బ్యాడ్జీ, నల్ల గుండీలు యుద్ధానికి చాలా ముందునుంచే ఆచారం. మన గూర్ఖా రైఫిల్స్‌లో ఇప్పటికీ చూడొచ్చు. లండన్‌లో కింగ్స్ రాయల్ రైఫిల్ కోర్ అనే అలాంటి రెజిమెంట్ బ్యాడ్జీ పెట్టుకున్న హోంగార్డులు ఎందరో ఉన్నారు. గోధుమరంగుకైతే ఆఫీసర్ల బ్రాంజ్ బ్యాడ్జీలున్నాయి. లోహం పొదుపు కోసం ప్లాస్టిక్‌తో పోతపోసినవీ ఉన్నాయి. ప్లాస్టిక్‌దైతే గీత పడినచోట లోపల కూడా అదే రంగు.

రంగు వేసినవి అసలు లేవని నేను అనడం లేదు. మెరిసే ఇత్తడి రాత్రి కాపలాలో మనిషిని పట్టిస్తుంది. అది దాచాలని రంగు పూసుకోవడంలో వింతేమీ లేదు. కానీ దేశమంతటికీ ఒకే ఆదేశం అనేవాళ్లను దాని నంబరు, తేదీ చూపించమనండి. ఆదేశం ఉందని చెప్పేవాళ్లే దాన్ని చూపించాలి.

ధర దగ్గరికొస్తే, డబ్బు పెట్టేముందు బ్యాడ్జీని వెలుతురులో తిప్పి చూడండి. కిరీటం ఉన్న బ్యాడ్జీ అయితే దాని ఆకారం చూడండి. 1953 తర్వాత వచ్చిన రాణి కిరీటం పై కమానులు మధ్యలో లోపలికి కుంగి ఉంటాయి. అది కనబడితే, పైన ఏ రంగున్నా, యుద్ధానికి సంబంధం లేదు. గీకినచోట తేలికపాటి అల్యూమినియం కనబడినా అంతే, ఆ రకం బ్యాడ్జీలు 1950లలో వచ్చాయి. పాత రంగు ముందు ఎత్తైన చోట్ల అరుగుతుంది, గుర్రం బొమ్మైతే ఛాతీ దగ్గర. సందుల్లో మాత్రం నిలిచి ఉంటుంది. లోతైన గీతల్లోకి కూడా తాజాగా పారిన పెయింట్ కనబడితే అనుమానించండి. అరిగిన ఇత్తడి మీద రంగుందని మాత్రం కొట్టిపారేయకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్లు హోంగార్డుల్లో చాలామంది ఉన్నారు, తమ పాత బ్యాడ్జీనే మళ్లీ పెట్టుకుని ఉండొచ్చు.

అసలు రంగేమిటో చూద్దామని థిన్నర్ మాత్రం పెట్టొద్దు. ఆ పెయింట్ నిజంగా 1940 నాటిదైతే, ఉన్న ఒక్క సాక్ష్యమూ దూదికి అంటుకుని పోతుంది.