ఉగాది భోజనానికి రెండు లైన్లా?

మొన్న ఉగాదికి ఇక్కడ అమెరికాలో, అయోవాలోని మన తెలుగు సంఘం భోజనాల దగ్గర రెండు లైన్లు పెట్టారు. చేతికి బంగారు రంగు బ్యాండు ఉన్న స్పాన్సర్లకు ఒకటి, మిగతావాళ్లకు ఒకటి. కొడుకును చూడటానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మనవడి చెయ్యి పట్టుకుని దగ్గరున్న లైన్లో నిలబడింది. "అమ్మా, మీది ఆ చివర లైనండీ" అన్నాడు వాలంటీరు కుర్రాడు, మర్యాదగానే. ఆవిడ ఏమీ అనకుండా పక్కకు తప్పుకుంది. అక్కడ ఆవిడ వంతు వచ్చేసరికి బొబ్బట్లు అయిపోయాయి. ఇటు స్పాన్సర్ల బల్ల మీద ట్రే నిండా ఉన్నాయి. పిల్లవాడు ఇటే చూస్తున్నాడు.

ఆ బాధ తగ్గకముందే మా చుట్టాలను ఆమనా తీసుకెళ్లాను. ఒకప్పుడు జర్మన్లు ఉమ్మడిగా బతికిన ఊళ్లు అవి. మన అయోవా తెలుగువాళ్లలో చూడనివాళ్లు తక్కువే. కానీ ఊలు మిల్లు, వైన్ కొట్లు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఈసారి మిడిల్ ఆమనాలో పాత ఉమ్మడి వంటిల్లు చూశాం. 1932లో మూతపడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచారు. ఇటుకల పొయ్యి, పొడవాటి బల్లలు.

ఆమనా వాళ్లది జర్మనీలో 1714లో మొదలైన క్రైస్తవ భక్తుల శాఖ. అక్కడి ప్రభుత్వ చర్చితో పొసగలేదు. 1840లలో తమ నాయకుడు క్రిస్టియన్ మెట్జ్ వెంట న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గరికి, 1855 నుంచి అయోవాకి వచ్చి ఏడు ఊళ్లలో స్థిరపడ్డారు. 26 వేల ఎకరాలు అందరివీ. జీతాల్లేవు. కొట్లో సరుకులకు మాత్రం మనిషికి ఏడాదికింత అని పద్దు ఉండేది. ఇళ్లలో వంటగదులే లేవు. ఏడు ఊళ్లకూ కలిపి యాభైకి పైగా వంటిళ్లు, ఒక్కోదానిలో ముప్ఫై నలభై మందికి భోజనం. పొలం పనివాడైనా, గడియారాలు బాగుచేసేవాడైనా అదే బల్ల, అదే కూర. వాళ్ల శ్మశానంలోనూ అంతే. ఒకే రకం తెల్లరాళ్లు, పోయినవాళ్లు పోయిన వరసలో. భార్యాభర్తలైనా సరే, పక్కపక్కన ఉండరు.

అలా బతకమంటే నావల్ల కాదు. మగవాళ్లకో బల్ల, ఆడవాళ్లకో బల్ల, తింటూ మాట్లాడకూడదు, పెళ్లికి చర్చి పెద్దల అనుమతి కావాలి. మన బంతి భోజనాల్లో ఉన్న సందడి, కొసరి కొసరి వడ్డించే ఆ ప్రేమ అక్కడ ఊహించలేం. కానీ మా ఊరి బంతిలో అందరికీ చోటుండేదా? కొందరికి దొడ్డివైపే విస్తరి వేసేవారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత చెప్పుకున్నాం గానీ, అసలు కూర్చోనివ్వని వాళ్ల గురించి ఎవరం మాట్లాడలేదు. అది దాటి ఇంత దూరం వచ్చి, ఇక్కడ డాలర్లతో మళ్లీ గీత గీస్తామా?

స్పాన్సర్లు లేకపోతే ఉగాది జరగదు, నిజమే. హాలు అద్దె, ఇన్సూరెన్స్, కేటరింగ్ అన్నీ వాళ్ల చలవే. వాళ్లకు స్టేజి మీద సన్మానం చేయండి, ముందు వరస సీట్లివ్వండి, ఈ పత్రికలో ఫుల్ పేజీ వేయండి. అన్నం దగ్గర మాత్రం వద్దు. ఆమనాలోనూ చివరి రోజుల్లో చాలా కుటుంబాలు వంటింటి నుంచి భోజనం బుట్టల్లో ఇంటికి పట్టుకెళ్లి తినేవి. 1932లో ఉమ్మడి ఆస్తిని వాటాల కంపెనీగా మార్చుకోవడానికి ముందే ఆ బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి. చర్చి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మనం కలవడమే ఏడాదికి నాలుగు పండగలకు. అప్పుడైనా కలిసి తిందాం.

దీపావళి నుంచి అందరికీ ఒకటే లైను, పెద్దవాళ్లకూ పసిపిల్లల తల్లులకూ కూర్చున్న చోటే వడ్డన. ఈ తీర్మానాన్ని వచ్చే జనరల్ బాడీ మీటింగులో పెడుతున్నాను. బలపరచడానికి ఇంకొక సభ్యుడు కావాలి. స్పాన్సర్లలోంచే ఒకరు ముందుకొస్తే మరీ మంచిది.