ఆ తెల్ల సూర్యుడి వెనక కూర్చున్నదెవరు?

మొన్న 1930ల నాటి సోవియట్ యుద్ధవిమానం ఐ-15బిస్ బుల్లి మోడల్ ఒకటి పూర్తి చేసి చైనా గుర్తులతో ఫొటో పెట్టాను. పావుగంట కాలేదు, మొదలుపెట్టేశారు. "అన్నా, రష్యా విమానం కదా, ఎర్ర నక్షత్రం ఏదీ?" అని ఒకరు. "చక్రాల మీద తొడుగులు లేవేంటి, విరిగిపోయాయా?" అని ఇంకొకాయన.

విరగలేదు బాబూ, కావాలనే తీసేశాను. ఆ తొడుగులు గాలిని చీల్చుకుపోవడానికి బాగానే పనికొస్తాయి గానీ, వానకు నానిన మట్టి మైదానంలో దిగితే చక్రానికీ తొడుగుకీ మధ్య బురద కూరుకుపోతుంది, దాన్ని గోకుతూ కూర్చోవాల్సింది మెకానిక్కే. పీకి పక్కన పడేస్తే గొడవ వదిలిపోతుంది. ఫీల్డ్ మాడిఫికేషన్ (యుద్ధ మైదానంలోనే చేసుకునే మార్పు) అని మనం గొప్పగా చెప్పుకునేవాటిలో చాలా భాగం ఇలాంటి విసుగులోంచి పుట్టినవే.

అసలు ఆ విమానాలు చైనా చేరిన తీరు చూడండి. చైనా అప్పుడు జపాన్‌తో యుద్ధంలో ఉంది. 1937 ఆగస్టు 21న సోవియట్ యూనియన్, చైనా ఒప్పందం చేసుకున్నాక సోవియట్ నగరం ఆల్మా-అటా నుంచి షిన్జియాంగ్ మీదుగా చైనాలోని లాంజౌకి దారి తెరిచారు. ఐ-16లు (ఇవీ సోవియట్ యుద్ధవిమానాలే) ఎగురుకుంటూ వెళ్లాయి. ఐ-15బిస్‌లు మాత్రం ముక్కలుగా లారీలెక్కి షిన్జియాంగ్‌లోని హామీ అనే ఊరి దాకా వచ్చి, అక్కడి ఎడారి గాలిలో బిగింపులు చేయించుకున్నాయి. ఎగురుతూ వెళ్లినవాళ్లకీ సుఖం లేదు. మొదటి ఐ-16 దళం నాయకుడు కుర్ద్యుమోవ్ దారిలో ఎత్తైన చోట, పల్చటి గాలిలో దిగబోయి రన్‌వే దాటిపోయి చనిపోయాడు. యుద్ధం మొహం కూడా చూడలేదు పాపం. (ఐ-16 చక్రాలు పైకి లాగాలంటే హ్యాండిల్‌ని చేత్తో 44 సార్లు తిప్పాలి, అదింకో నరకం.)

ఇక గుర్తుల సంగతి. పైన ఆకుపచ్చ, కింద లేత నీలం, అది రష్యా రంగే. రెక్కల మీద మాత్రం నీలం గుండ్రంలో 12 కిరణాల తెల్ల సూర్యుడు, తోక మీద నీలం తెలుపు చారలు, పక్కన తెల్లటి పెద్ద అంకెలు. చూడగానే చైనా విమానం అంటాం, కాదనను. కానీ లోపల ఎవరున్నారో ఆ రంగు చెప్పదు. 1938 ఏప్రిల్ 29న వుహాన్ మీద చైనా పైలట్లు, సోవియట్ "వాలంటీర్లు" (పేరుకే వాలంటీర్లు, నిజానికి సోవియట్ సైన్యం పంపిన పైలట్లు) ఇవే గుర్తులతో కలిసి జపాన్ విమానాలతో పోరాడారు. చైనా పైలట్ చెన్ హువాయ్‌మిన్ శత్రువు విమానాన్ని ఢీకొట్టి చనిపోయింది ఆ రోజే. రష్యా వాళ్ల దగ్గరేమో చైనా అక్షరాలున్న పట్టుగుడ్డ ముక్క ఉండేది. ఎక్కడో పొలంలో పడితే రైతుకి అది చూపించుకోవాలి. విమానం మీద సూర్యుడున్నా మనిషి ముఖం నమ్మించదు కదా!

ఇదంతా వదిలేసి "ఆ నీలం సరైన నీలం కాదు" అని పేజీలకు పేజీలు కొట్టుకుంటారు మనవాళ్లు. ఎండకు వెలిసి, దుమ్ము కొట్టుకుపోయి, దొరికిన డబ్బాలోంచి మళ్లీ పూసిన నీలానికి సరైన షేడ్ ఏంటండీ? పాత నలుపు తెలుపు ఫొటో చూసి షేడ్ నంబర్ చెప్పేవాళ్లకి నా దండం.

నా మోడల్ కిట్‌లో పైలట్ బొమ్మ కూడా ఇచ్చారు. ముఖం ఎలా వెయ్యాలా అని రెండు రాత్రులు కూర్చున్నాను. చివరికి సీటు ఖాళీగానే వదిలేశాను.