ఎఫ్ఐఆర్‌లో రోడ్డు పేరు ఉండదు

సైకిలు మీద వెళ్తున్న మనిషి చనిపోతే పోలీసులు రాసే ఎఫ్ఐఆర్ దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపిన డ్రైవరు’ అని రాస్తారు, లేదా ‘గుర్తు తెలియని వాహనం’ అని రాస్తారు. ఊరు, సమయం, సాక్షుల పేర్లు అన్నీ ఉంటాయి. ఆ చోట సైకిలు నడవడానికి జాగా ఉందా, వీధి దీపం వెలుగుతోందా, రోడ్డు దాటాలంటే ఎంత దూరం తిరిగి రావాలి అన్నవి అందులో కనిపించవు. ప్రమాదాల వివరాలు నమోదు చేసే ఈ-డార్ వ్యవస్థలో రోడ్ల ఇంజినీరు కూడా తన వంతు వివరాలు నింపే ఏర్పాటు ఉంది, నిజమే. ఆ వివరాల ఆధారంగా రోడ్డు వేసినవారిపై కేసు పెట్టారంటే మాత్రం అది వార్తే అవుతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో సైకిలిస్టులు 4,836 మంది. మొత్తంలో మూడు శాతానికి కాస్త తక్కువ కాబట్టి సమీక్షా సమావేశాల్లో ఈ వరుస దగ్గర ఎవరూ ఆగరు. రోజుకు 13 మంది అని చెబితే ఆగుతారేమో. వీళ్లెవరు? తెల్లవారకముందే పాల క్యాన్లతో బయలుదేరేవారు, పేపరు వేసే కుర్రాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, చేలకు వెళ్లే రైతులు, బడిపిల్లలు. బస్సు లేని వేళల్లో, చీకట్లో తిరిగేవాళ్లు.

హైవే పక్కన ఊళ్లలో ఒక సాయంత్రం నిలబడితే కారణం కళ్లముందే ఉంటుంది. ఇటు ఊరు, అటు చేలు. మధ్యలో నాలుగు వరసలో ఆరు వరసలో రోడ్డు. డివైడరులో పాతకాలపు సందు మూసేశారు. అండర్‌పాస్ చాలా దూరంలో ఉంది, వానాకాలమైతే అందులో మోకాలి లోతు నీళ్లు. క్యారియర్ మీద గడ్డిమోపు కట్టుకున్న మనిషి చట్టప్రకారం వెళ్లాలంటే యూటర్న్ దాకా తొక్కి, అవతలి వైపు అంతే దూరం వెనక్కి రావాలి. అతను రాంగ్‌రూట్‌లో అంచు పట్టుకుని వస్తాడు. ఆ అంచున కూడా సుఖం లేదు. వానలకు మట్టి మార్జిన్ కోసుకుపోయి తారు రోడ్డుకు, దానికి మధ్య జానెడు ఎత్తు తేడా. చక్రం కిందికి జారితే మోపుతో సహా పడతాడు. జారకూడదని తారు మీదే ఉంటే ఎదురుగా హెడ్‌లైట్లు. మార్జిన్‌లో ఆగి ఉన్న లారీ తగిలితే దాన్ని తప్పించుకోవడానికి రోడ్డు మధ్యకు రావాలి. ‘రాంగ్‌రూట్‌లో వచ్చాడు, తప్పు అతనిదే’ అనడం తేలిక. ఊరిని రెండుగా కోసి, దాటే దారి చూపకుండా రోడ్డు గీసినవాళ్లకు ఆ తప్పులో వాటా లేదా?

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణల్లో 198ఎ అనే సెక్షన్ చేరింది. నిర్ణీత ప్రమాణాల ప్రకారం రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ చేయకపోవడం వల్ల ఎవరైనా మరణిస్తే, గాయపడితే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా. కోట్ల పనుల్లో లక్ష ఏపాటిదన్నది వేరే సంగతి. ఆ లక్ష అయినా కట్టించాలంటే ముందు రోడ్డును కేసులోకి తేవాలి.

ఇక వేగం. వాహనం వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలిన కారు నుంచి మనిషి బతికి బయటపడే అవకాశమే ఎక్కువ, 60 దాటితే ఆ ఆశ చాలా తక్కువ. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో కార్లకు గరిష్ఠ వేగం 70 కిలోమీటర్లు. రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు, కొన్నిచోట్ల తగ్గించారు కూడా. కానీ పాల సైకిలు, స్కూలు ఆటో, కారు ఒకే తారు మీద నడిచే ఊళ్లో 70 అన్న అంకె కాగితం మీదికైనా ఎలా వచ్చిందో అర్థం కాదు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధుల్లో పరిమితి 30. ఆ నగరంలో 2024 జులై నుంచి ఏడాదిపాటు రోడ్డు ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు.

లారీల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఎడమకు తిరిగే లారీ డ్రైవరుకు క్యాబిన్ పక్కనే ఉన్న సైకిలు కనిపించదు. ముందు, వెనక చక్రాల మధ్య ఖాళీలోకి మనిషి పడితే వెనక చక్రం ఎక్కేస్తుంది. అందుకే అక్కడ అడ్డుకడ్డీలు ఉండాలని మన నిబంధనల్లోనే ఉంది. ఏ చెక్‌పోస్టు దగ్గరైనా నిలబడి చూస్తే వంగిపోయిన కడ్డీలు ఎన్నో, ఏమీ లేని ఖాళీలు ఎన్నో లెక్క తేలుతుంది. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకు డ్రైవరు చూపు ఎంతమేర ఆనుతుందో కొలిచి నక్షత్రాలు ఇస్తారు. 2021 మార్చి నుంచి అనుమతి లేని లారీకి జరిమానా. 2024 అక్టోబరులో అనుమతికి కావాల్సిన హద్దును ఒక నక్షత్రం నుంచి మూడుకు పెంచారు.

హెల్మెట్ పెట్టుకోమని, రిఫ్లెక్టర్ బిగించుకోమని చెప్పడంలో తప్పు లేదు. ఒకప్పుడు సైకిలుకు దీపం లేకుండా రాత్రి బయటికి వస్తే పోలీసులు ఆపేవారు, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కొత్త సైకిళ్ల రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. పాత సైకిళ్లకు మాత్రం ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు అతికించే పని మిగిలే ఉంది. పంచాయతీ తలుచుకుంటే ఒక ఆదివారంలో ఊరంతటికీ పూర్తవుతుంది. వెనక నుంచి 90లో వచ్చే కారును టేపు ఆపలేదు గానీ, డ్రైవరుకు మనిషి కాస్త ముందే కనిపిస్తాడు.

సైకిలు దారులు ఎలా వేయాలో మనకు తెలియదా అంటే, తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ-11 పేరుతో ప్రమాణాలు ప్రచురించింది 1962లో, సవరించింది 2015లో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ వేసి, పైన సౌర ఫలకాలు పరిచి, 2023 అక్టోబరులో ప్రారంభించారు. అందంగానే ఉంది. అయితే అది ఎక్కువగా పనికొచ్చేది ఉదయం వ్యాయామానికి వచ్చేవారికి. అపార్ట్‌మెంట్‌లో రాత్రి కాపలా కాసి ఇంటికి వెళ్లే వాచ్‌మన్ దారి అది కాదు. అతని దారిలో సైకిలు కోసం గీసిన గీత ఉన్నా దాని మీద కార్లు ఆగి ఉంటాయి. పార్క్ చేసిన కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే అదొక గండం. డ్రైవరు ఎడమ చేత్తో తలుపు తెరిస్తే ఒళ్లు కుడివైపు తిరిగి వెనక వచ్చేవాళ్లు కంటబడతారు. దీనికి పైసా ఖర్చు లేదు, డ్రైవింగ్ స్కూళ్లు నేర్పితే చాలు.

నెదర్లాండ్స్‌ను ఆదర్శంగా చూపించేవారు ఒక మాట మరిచిపోతారు. 1971లో అక్కడ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల హత్యలు ఆపండి’ అని ఉద్యమించాకే ఆ దేశం దారి మార్చుకుంది. ఇప్పటికీ అక్కడ చావులు ఆగలేదు. 2022లో 291 మంది సైకిలిస్టులు చనిపోయారు, వారిలో వృద్ధులే ఎక్కువ. కాకపోతే అక్కడ ఇంజినీర్లు ప్రతి కూడలినీ మళ్లీ మళ్లీ తిరగేస్తారు.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు పాదచారులకు, మోటారు లేని వాహనాలకు సంబంధించి మోటారు వాహనాల చట్టంలోని 138(1ఎ), 210డి సెక్షన్ల కింద ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. 138(1ఎ)లో ఒక చిక్కుంది. సైకిళ్ల రాకపోకలను ‘నియంత్రించే’ అధికారం కూడా ఆ సెక్షనే ఇస్తుంది. కోల్‌కతాలో 2013లో ఏం జరిగిందో చూశాం, 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. మన రెండు రాష్ట్రాలు రాసే నిబంధనల్లో సర్వీసు రోడ్డు, దాటే దారి, ఊళ్లో 30 కిలోమీటర్ల హద్దు ముందు ఉండాలి. అవేవీ లేకుండా ‘హైవే మీద సైకిళ్లు నిషిద్ధం’ అన్న బోర్డు పాతితే గడ్డిమోపు మనిషి ఆ బోర్డు పక్కనుంచే తొక్కుకుంటూ పోతాడు. ఈసారి అతని మీద కేసు కూడా ఉంటుంది.