శబ్దం ఏదీ రాలేదు సార్

ఒక పక్క చక్రం చిన్న గుంతలోకి దిగితే చాలు, కారు ముందు భాగంలో ఎక్కడో టక్కుమంటుంది. నెమ్మదిగా వెళ్తేనే. ఇదే మాట సర్వీస్ అడ్వైజర్‌తో చెప్పాను. కారును బాగుచేసేది వేరే వాళ్లు. మనం చెప్పింది రాసుకోవడం ఈయన పని. మనిషి మాత్రం చాలా మర్యాదస్తుడు.

"ఎలాంటి శబ్దం సార్?"

"టక్."

"ఒక్కసారేనా, టకటకా అంటుందా?"

"ఒక్కటే. టక్."

"లోహం శబ్దమా, ప్లాస్టిక్‌దా?"

నాలుకతో రెండు రకాలూ చేసి చూపించాను. పక్క కౌంటర్ దగ్గరున్నావిడ నావైపు తిరిగి శ్రద్ధగా వింటోంది. ఆవిడ కారుది కిర్రుమనే రకమట. తన వంతు వచ్చేలోపు సాధన చేసుకుంటున్నట్టుంది.

ఇంత కచేరీ చేశాక జాబ్ కార్డులో చూస్తే ఉన్నది ఒకటే ముక్క: 'జనరల్ నాయిస్, చెక్ చేయాలి'. ఆ కార్డు అడ్వైజర్ నుంచి సూపర్‌వైజర్‌కు, ఆయన నుంచి మెకానిక్‌కు వెళ్తుంది. గుంత, నెమ్మది, ఒక పక్క చక్రం... నేను చెప్పినవన్నీ కౌంటర్ దగ్గరే ఉండిపోయాయి.

కాసేపటికి అడ్వైజర్ ఒక నల్లటి అట్టలాంటిది పట్టుకుని సోఫా దగ్గరికి వచ్చాడు. ఏసీ ఫిల్టర్. నా మొహం ముందు పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. మురికి పట్టడమే కదా దాని ఉద్యోగం! కానీ పదిమందిలో అలా పట్టుకుని చూపిస్తే ఎంతటివాడైనా "మార్చేయండి" అంటాడు. నేనూ అన్నాను. వెళ్లి ఇంకోటి తెచ్చాడు. అది ఇంజిన్ పీల్చే గాలికట, మొదటిది మనం పీల్చే గాలికి.

తర్వాత బ్రేక్ ప్యాడ్ల వంతు. "6 మిల్లీమీటర్లే ఉన్నాయి సార్, మార్చేద్దామా?" కొత్తప్పుడు 10 దాకా ఉంటాయి, 3కి వస్తే మార్చాలి. ఈ లెక్క ఎలాగో నాకు తెలుసు కాబట్టి బతికిపోయాను. తెలియనివాళ్లకు ఆ 'మిల్లీమీటర్లే'లోని దీర్ఘం చాలు, గుండె జారిపోవడానికి.

"మరి శబ్దం?"

"టెస్ట్ డ్రైవ్ చేశాం సార్. శబ్దం ఏదీ రాలేదు."

ఎలా వస్తుంది? వాళ్ల టెస్ట్ డ్రైవ్ గేటు దాటి, నున్నటి రోడ్డు మీద వెళ్లి, తిరిగి రావడమే. ఈసారి నేనూ ఎక్కుతానన్నాను. అడ్వైజర్‌కు ఇష్టం లేదు. మెకానిక్ మాత్రం "రండి సార్" అని తలుపు తీశాడు. రోడ్డు అంచు ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఒక పక్క చక్రాలు దించి, నడిచేంత వేగంతో పోనిచ్చాడు. టక్. నాకు ప్రాణం లేచొచ్చింది. చెడిపోయిన కారు గురించి అంత ఆనందపడటం అదే మొదలు.

"స్టెబిలైజర్ లింక్" అన్నాడు మెకానిక్. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ కింద ఒక కడ్డీ ఉంటుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే దానికి పెద్దగా పని పడదు. ఒకటి లేచి ఇంకోటి లేవకపోతే అది మెలిపడుతుంది. దాని చివర లింకు కీలు అరిగితే, మెలిపడినప్పుడల్లా టక్కుమంటుంది. కారును లిఫ్ట్ మీద ఎత్తితే రెండు చక్రాలూ సమానంగా వేలాడతాయి, అందుకే అక్కడ సులువుగా దొరకదట. ఇంత చక్కగా విడమరిచి చెప్పే మనిషిని అద్దాల గది వెనక ఎందుకు దాచిపెడతారో!

సూపర్‌వైజర్ విని, "నేను మొదట్లోనే అనుకున్నా" అన్నాడు.

స్టాకులో లింకు లేదు. ఆర్డర్ పెట్టాలి. బిల్లులో మాత్రం రెండు ఫిల్టర్లు, వీల్ అలైన్‌మెంట్, వాషింగ్ నిండుగా ఉన్నాయి. తాళం చేతికిస్తూ అడ్వైజర్ గొంతు తగ్గించి, "ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్. 10కి 10 చెప్పండి. 9 అన్నా నాకు ఫెయిల్ కిందే లెక్క" అన్నాడు.

మర్నాడే ఫోన్ వచ్చింది.

"మీరు చెప్పిన శబ్దం ఇప్పుడెలా ఉంది సార్?"

"స్పష్టంగా వినబడుతోందమ్మా."

"థాంక్యూ సార్. 10కి ఎంత ఇస్తారు?"

"శబ్దానికా, సర్వీసుకా?"

"ఏదైనా పర్లేదు సార్, 10 వేసేస్తున్నాను."