ఫాస్ట్ రేడియో బరస్ట్ గారికి, దేవరకొండ నుంచి

నమస్కారాలతో రాయునది ఏమనగా, మేమిక్కడ బాగనే ఉన్నం, మీరు యాడుంటరో తెల్వదు గాబట్టి బాగున్నరా అని అడిగేతందుకు కూడ లేకపాయె.

అంతరిక్షంకెళ్లి వచ్చే రేడియో తరంగాల మెరుపు మీరు, మీరొచ్చి పోయేది సెకన్ల వెయ్యో వంతు, మీ మీద మా మేనమామ చూపెట్టే వీడియో మాత్రం గంటకు తక్కువుండదు. మొన్న బస్టాండ్ కాడ చాయ్ హోటల్ల ఫోన్ నా ముక్కుకు ఆనిచ్చి "సూడు అల్లుడా, ఏలియన్లు మనకు కబురు పంపుతున్రు" అన్నడు, నా చాయ్ మీద మీగడ కట్టింది, నడుమ నడుమ మోకాళ్ల నొప్పుల నూనె యాడ్ వచ్చింది, ఏలియనే రాలే.

మామనొక్కన్నే అనుడెందుకు. 1967ల కేంబ్రిడ్జ్‌ల జోసెలిన్ బెల్ అనే స్టూడెంట్‌కు 1.33 సెకన్లకోసారి తప్పకుండ కొట్టే సిగ్నల్ దొరికితే వాళ్లు గూడ నవ్వులాటకు పచ్చ రంగు పొట్టి మనుషులని పేరు పెట్టుకున్నరు, తీరా చూస్తే పల్సార్, అంటే గిరగిర తిరుగుకుంట రేడియో సిగ్నళ్లు కొట్టే సచ్చిన నక్షత్రం. ఆస్ట్రేలియాల పార్క్స్ టెలిస్కోప్ సంగతి ఇంకా మజా. అచ్చం మీ తీరుగనే ఉండే సిగ్నళ్లు ఏండ్ల తరబడి వచ్చినయి, అదేం చిత్రమో అన్నీ పగటి పూటనే, స్టాఫ్ డ్యూటీల ఉన్నప్పుడే. 2015ల తేలిందేందంటే మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో ఆకలికి ఆగలేక తలుపు గుంజుతున్రు, అండ్లకెళ్లి బయటపడ్డ తరంగాలే ఆ సిగ్నళ్లు. గంతే!

మీరైతే ఓవెన్ కాదు లెండి, అదే పార్క్స్‌ల 2001ల రికార్డైతే 2007 దాకా మిమ్మల్ని ఎవ్వరు చూడలే. మీ దాంట్ల ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందొస్తది, తక్కువది ఎనకొస్తది, దారిల ఎలక్ట్రాన్లు ఎంత తగిలితే అంత లేటు, ఆ లేటును బట్టే దూరం అంచనా కడితే పాలపుంత అవతల్నే తేలిన్రు. మళ్ల 2020 ఏప్రిల్ 28న, మేం లాక్‌డౌన్‌ల ఇండ్లల్ల కూసున్నప్పుడు, మన పాలపుంతలనే ఒక మ్యాగ్నెటార్ మీలెక్కనే కొట్టింది, కెనడాల చైమ్ టెలిస్కోప్ పట్టింది. మ్యాగ్నెటార్ అంటే సచ్చిన నక్షత్రమే, సైజు హైదరాబాదంత, బరువు సూర్యునికన్న ఎక్కువ, అయస్కాంతం ఎంతంటే చెప్పనలవి గాదు. మీరంతా గదే ఖాందాన్ అని మాత్రం ఇంకా ఖాయం గాలే. మామకు చెప్తే "సచ్చినోడెట్ల మాట్లాడుతడు, ఏలియనే" అన్నడు, ఏమనాలె ఇంక.

మీల 121102 నంబరాయన మళ్లమళ్ల కొట్టిండు గాబట్టే 2017ల ఆయన ఇల్లు దొరికింది, 300 కోట్ల కాంతి సంవత్సరాల అవతల చిన్న గెలాక్సీ. మీరు గూడ ఒక్కసారి కొట్టి మాయం కాకుండ జర మళ్ల కొట్టున్రి, దండం పెడ్త. గంత దూరంకెళ్లి మీరొస్తున్రు గని మా ఇంట్ల ఫోన్ మోగాలంటే డాబా ఎక్కి వాటర్ ట్యాంక్ పక్కన నిలబడాలె, ఇప్పుడు మామ ఆడనే ఉన్నడు, మీ మీద పార్ట్ టూ డౌన్‌లోడ్ పెట్టిండు, సగంల ఆగి తిరుగుతున్నది, అది నిండేలోపే ఏదో ఒకటి తేల్చున్రి.

ఇట్లు,
మామ పిలిస్తే పైకెక్కుతున్న అల్లుడు