పూల కింద పీటల పంచాయితీ

వసంతం రాగానే జపాన్‌లో జనం సకురా (చెర్రీ) చెట్ల కింద చేరి, రాలే పూలను చూస్తూ జీవితం క్షణభంగురమని నిట్టూరుస్తారని పర్యాటక పుస్తకాలు చెబుతాయి. నిట్టూర్పు నిజమే కావచ్చు. భోజనం ఎక్కువైనా నిట్టూర్పు వస్తుంది. హనామి అనే ఈ పండగలో పూలు వంక మాత్రమే. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి ముందు పొయ్యాలి అన్నదే అసలు సమస్య. ఇంత బరువైన విషయాన్ని కవులకు వదిలేయడం భావ్యం కాదని పూనుకుని రాస్తున్నాను.

1598 వసంతంలో, దేశాన్ని ఏలుతున్న తొయొతోమి హిదెయోషి క్యోటోలోని దైగో-జి గుడిలో పెద్ద విందు పెట్టాడు. ఉన్న పూలు చాలవని ఏడొందల చెట్ల దాకా తెప్పించి నాటించాడు. అతిథులు సుమారు 1,300 మంది, దాదాపు అందరూ ఆడవాళ్ళే. అవతల కొరియాలో ఆయన సైన్యం యుద్ధంలో ఉంది గానీ, అది వేరే శాఖ. ఇంత చేస్తే జరిగిందేమిటి? పట్టపు భార్య తర్వాత సాకే (బియ్యపు మద్యం) గిన్నె ఎవరు అందుకోవాలన్న దగ్గర ఆయన ఉపపత్నులు యోదో, మత్సునోమారు ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఒకరు వారసుణ్ణి కన్న తల్లి, ఇంకొకరిది పుట్టింటి వైపు పెద్ద వంశం. చివరికి మాయెదా అనే సామంతుడి భార్య మత్సు కల్పించుకుని సర్దిచెప్పిందట. పూల గురించి ఎవరూ పోట్లాడుకున్నట్టు లేదు.

ఇప్పుడు వ్యవహారం బాగా మెరుగుపడింది. పూతకు ప్రభుత్వ ముద్ర వచ్చింది. టోక్యోలో యసుకుని ఆలయ ఆవరణలో ఒక నమూనా చెట్టు ఉంది. వాతావరణ శాఖ ఉద్యోగి వచ్చి, టీవీ కెమెరాల మధ్య మెడ పైకెత్తి, కొమ్మ కొమ్మా చూసి పూలు లెక్కపెడతాడు. ఐదారు విచ్చుకుని ఉంటే పూత మొదలైనట్టు ప్రకటన. నాలుగే ఉంటే మొదలవలేదు, మళ్ళీ రావాల్సిందే. ఈలోగా మీ వీధి చివర చెట్టు విరగబూసినా అది అనధికారిక పూత.

ప్రకటన వచ్చాక ఆఫీసులు కదులుతాయి. అక్కడ కొత్త ఉద్యోగులు చేరేది ఏప్రిల్ 1న. నాలుగేళ్ళు యూనివర్సిటీలో చదివి, వరస ఇంటర్వ్యూలు నెగ్గి, నల్లసూటు కుట్టించుకుని వచ్చిన కుర్రాడికి చాలా కంపెనీల్లో ఆనవాయితీగా అప్పజెప్పే తొలి పని: పొద్దున్నే టోక్యోలోని ఉయెనో పార్కుకి పోయి నీలం పట్టా పరిచి, సాయంత్రం మేనేజర్లు వచ్చేదాకా దాని మీద కూర్చోవడం. రోజంతా పూల కింద ఉన్నాడు కదా, ధన్యజీవి అనుకునేరు. వాడి చూపంతా పక్క కంపెనీ పట్టా అంచు మీద ఉంటుంది, జానెడు ఇటు జరుగుతుందేమోనని టెన్షన్. చీకటి పడి లాంతర్లు వెలిగాక పెద్దలొస్తారు. బూట్లు విప్పి వరసగా పెడతారు. అరల డబ్బాలు తెరుచుకుంటాయి. తీపి కలిపిన గుడ్డు అట్టు, వేయించిన టోఫు సంచుల్లో కూరిన అన్నం, ఉడికించిన వెదురు మొలకలు, ఒకే పుల్లకు గులాబీ, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో గుచ్చిన మూడు బియ్యప్పిండి ఉండలు. ఉప్పులో ఊరవేసిన సకురా ఆకు చుట్టిన మోచి (జిగురు బియ్యపు ముద్ద) కూడా ఉంటుంది. ఆకుతో సహా తినాలా, తీసేసి తినాలా అన్నది వాళ్ళకు ఇంకా తేలని ధర్మసందేహం. కుర్రాడు అందరి గ్లాసులూ నింపుతాడు. తన గ్లాసు తనే నింపుకోకూడదు, ఎవరైనా కనికరించాలి.

మనం నవ్వక్కర్లేదు. కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద ఏ కులం వాళ్ళు ఏ ఆదివారం కూర్చోవాలో, వేదిక మీద ఎమ్మెల్యే గారి కుర్చీ ఎక్కడ వెయ్యాలో తేల్చుకున్న జాతి మనది.

ఈ సంప్రదాయం పరాకాష్ఠకు చేరింది మాత్రం ప్రధానమంత్రి ఇస్తూ వచ్చిన సకురా విందులో. 1952 నుంచి షింజుకు గ్యోయెన్ తోటలో జరిగేది. పెట్టేది ఏప్రిల్ మధ్యలో, అప్పటికి టోక్యోలో మామూలు సకురా దాదాపు రాలిపోయి ఉండేది. ఆలస్యంగా పూసే ముద్దపూల రకాలతో పని నడిపించేవారు. 2019లో షింజో అబే హయాంలో దానికి సుమారు 18,000 మంది వచ్చారు. ఖర్చు దాదాపు ఐదున్నర కోట్ల యెన్‌లు, బడ్జెట్‌కు మూడు రెట్లు. ప్రధాని నియోజకవర్గం వాళ్ళే అంతమంది ఎందుకున్నారని ప్రతిపక్షం అడిగింది. ప్రతిపక్ష సభ్యుడు వివరాలు కోరిన రోజే అతిథుల జాబితా ష్రెడర్‌లో పడింది. నిబంధనల ప్రకారమే పడిందని ప్రభుత్వం చెప్పింది. కొమ్మ మీద ఐదు పూలను వేలు పెట్టి లెక్కపెట్టే ప్రభుత్వమే ఇదీ.

ఇందులో నాకు నచ్చిన భాగం ఇంకోటుంది. తోటలో పూలు చూసే కార్యక్రమానికి ముందురోజు రాత్రే, అబే మద్దతుదారులకు ఒక పెద్ద హోటల్లో డిన్నర్. అంటే పూల కంటే ముందే భోజనం అయిపోయింది, ఇంతకంటే నిజాయితీ ఏముంటుంది? తలకు ఐదు వేల యెన్‌లు. అది చాలకపోతే మిగతాది అబే వైపు నుంచి సర్దారు, లెక్కల్లో చూపించలేదు. 2020లో విందు రద్దయింది. ఆ డిసెంబర్‌లో అబే పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, ఆయన మీద కేసు పెట్టలేదు. పది లక్షల యెన్‌ల జరిమానా పడింది ఆయన కార్యదర్శికి. పొద్దున్నే పట్టా పరిచిన కుర్రాడు బాగా పైకొస్తే చేరేది ఆ ఉద్యోగంలోకే.